రాజుగారికి పురుడొచ్చిన వేళ

ఈ కథ మొదట నాకు చెప్పినవాడు నాగావళి రేవులో పడవ నడిపే బోని అప్పలస్వామి. నీటి మీద చెప్పాడు గనక కొంచెం ఊగుతూనే ఉంటుంది.

ఒకానొక రాజ్యంలో ఏడాదిలో సగం రోజులు మంచే. ఎదురుగా కోట ఉందో, కల కంటున్నామో తెలిసేది కాదు. ఆ మంచుకి రాజు రణభూపతి. ఆయనొక శాసనం చేశాడు. ఇంట్లో జీతానికి మనిషిని పెట్టుకున్నవాళ్ళు ఆ మనిషి పేరు చావడిలో రాయించాలి, ఏటా పన్ను కట్టాలి, జబ్బు పడితే లేచేదాకా జీతం ఆపకూడదు. మంచి శాసనమే. రాతి మీద చెక్కించి, రోజూ పల్లకీ ఆపి మరీ చూసుకుని మురిసేవాడు.

ఇంతలో ఆయన స్నానానికి నీళ్ళు కాచే పోలమ్మ చెయ్యి కాలింది. ముప్పై ఏళ్ళుగా ఉన్న మనిషి. "బాగయ్యాక రా" అని పంపేశారు, గింజ విదల్చలేదు. పోలమ్మ ఇంట్లో చూస్తే కోడలికి నెలలు నిండాయి.

కొలువులో మాటకారి సింగన అది విని ఉండబట్టలేక నిండు సభలో అడిగాడు.

"ప్రభూ, పోలమ్మ పేరు చావడిలో లేదు."

రాజు మీసం దువ్వాడు. "శాసనం పనిమనుషుల్ని పెట్టుకున్నవాళ్ళకయ్యా. నా కోటలో పనిమనుషులెవరు? అంతా నా కుటుంబమే. పోలమ్మ మా వంశపు మనిషే! సొంతవాళ్ళకి జీతమేమిటి, పన్నేమిటి?"

సభంతా చప్పట్లు. సింగన లేచి బయటికొచ్చాడు. మంచులో నడుచుకుంటూ పోలమ్మ గుడిసె దగ్గరికి చేరాడు. లోపల పసివాడి ఏడుపు.

"మనవడు బాబూ! ఊరేలే రాజుకి నీళ్ళు కాచాను, వీడికి కాయడానికి చెయ్యి లేదు," అంది పోలమ్మ, నవ్వుతూ ఏడుస్తూ.

సింగన పసివాడి వంక ఒకసారి చూసి, గబగబా వెనక్కి మళ్ళాడు.

తెల్లారితే తెప్ప తిరునాళ్ళు. పూల తెప్ప మంచులో తేలుతుంటే నది నిద్రలో నవ్వుకుంటున్నట్టుంది. దాని తాడు మొదట రాజే పట్టాలి. ఏడాదంతా ఆయన ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. చెయ్యి చాచాడు.

"ముట్టకండి ప్రభూ! తమకి పురుడొచ్చింది," అన్నాడు సింగన.

"నాకా? పురుడా?"

"నిన్న పోలమ్మకి మనవడు పుట్టాడు. తమ వంశంలో మగపిల్లాడు. పదిరోజులు దేవుడి తాడు ముట్టరాదు."

పురోహితుడు చటుక్కున తాడు వెనక్కి లాక్కున్నాడు. "వంశమని సభలో అన్నది తమరే కదా ప్రభూ!"

"వంశమేమిటయ్యా! ఆవిడ నీళ్ళు కాచే మనిషి!"

"ఎవరింట్లో?"

"నా ఇంట్లో!"

"ఊరికేనా, జీతానికా?"

తెప్ప ఊగింది.

"జీతానికే," అన్నాడు రాజు, మెల్లగా.

"అయితే పురుడు లేదు, పట్టండి తాడు. చావడి కరణాన్ని కూడా వెంటబెట్టుకొచ్చాను."

రాజు సింగన వంక గుడ్లురిమి చూశాడు. చూసి చూసి, మంచు చెదిరేలా పకపకా నవ్వాడు. అక్కడే పోలమ్మ పేరు రాయించి, ఆగిన జీతం ఇప్పించి, పన్ను తన చేత్తో కట్టాడు. భుజాన ఉన్న శాలువా తీసి సింగనకి కప్పాడు.

కోట వైపు వాళ్ళు మాత్రం ఇదంతా మంత్రి ఉపాయమని కాగితాల్లో రాసుకున్నారు. వట్టి కోత! మంత్రి ఆ వేళ చలికి ముసుగు తన్ని పడుకున్నాడు. చదువొచ్చినవాళ్ళెవరైనా మంత్రి పేరు కొట్టేసి సింగన పేరు రాసిపెట్టండి.