పులిచింత నాలుగో ఆకు

అనగనగా ఒక ఊళ్ళో చిట్టెబ్బాయి అని ఒకడుండేవాడే తల్లీ. వాడి పెరట్లో ఏడు చింతచెట్లు. కొట్టుగదిలో తొమ్మిది జాడీల చింతపండు. పాతదైపోయి నల్లబడినా సరే, ఒక్క రెబ్బ ఎవరి చేతిలోనూ పెట్టడు, పిసినారి సచ్చినోడు.

ఆ ఇంటి కోడలు నూకాలు. దానికి మూడో నెల. అన్నం చూస్తే వాంతి, మంచినీళ్ళు తాగినా వాంతి. నాలిక్కి కాస్త పులుపు తగిలితే గానీ ముద్ద దిగదు. వేవిళ్ళ మనిషికి పులుపు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే కదా. అందుకని మామని అడిగింది.

"మామయ్యా, కాస్త చింతపండు ఇప్పించండి" అంది. "అది సంతకి పోయే సరుకు" అన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగింది. "మూత తీస్తే పురుగు పడుతుంది" అన్నాడు. మూడోనాడు అడిగేసరికి గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. దాని మొగుడు వీరాస్వామి అక్కడే ఉన్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అంటేనా? నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అప్పుడు నూకాలుకి నూతి గట్టు పక్కన నేలబారున పాకే పులిచింత మొక్కలు కనిపించాయి. ఆ రోజుల్లో పులిచింతకి కాడకి నాలుగాకులుండేవి. ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. పుల్లగా తగిలింది, ప్రాణం లేచొచ్చింది. అన్నీ పీకేస్తే పాపం మొక్క చచ్చిపోతుందని కాడకి ఒక్క ఆకే గిల్లుకుంది. ఆ పూట కడుపు నిండా అన్నం తింది.

ఆ తర్వాత చిట్టెబ్బాయి దాని దగ్గర పులుపు వాసన పసిగట్టాడు. "నా చింతపండు దొంగిలించింది" అని ఊరంతా చాటాడు. ముగ్గురు పెద్దమనుషుల్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి, "ఈ దొంగ నాకొద్దు, పుట్టింటికి పంపేస్తాను" అన్నాడు.

తాళంచెవి వాడి మొలకే వేలాడుతోందే. మరి ఎలా దొంగిలించిందయ్యా అని ఒక్కడడిగాడా? అడగలేదు. మొదటాయన "ఒప్పేసుకోమ్మా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. రెండో ఆయన "కడుపుతో ఉన్నదానికి ఆశ మామూలే" అన్నాడు. మూడో ఆయన "మామ కాళ్ళు పట్టుకో" అన్నాడు.

నూకాలు కొంగు బిగించింది. "చెయ్యని తప్పుకి కాళ్ళు పట్టుకోను. నాతో రండి" అని అందర్నీ నూతి దగ్గరికి తీసుకెళ్ళింది. "ఈ కాడలకి మూడేసి ఆకులే ఉన్నాయి చూడండి. నాలుగోది నేను తిన్నాను. నమ్మకపోతే నమలండి" అంది.

ముగ్గురూ నమిలారు. ముగ్గురి మొహాలూ ముడుచుకుపోయాయి. "సరేలే అమ్మా, అయిందేదో అయింది" అని పంచెలు దులుపుకుని బయల్దేరారు. చూశావా, ఎంత తేలికో!

అప్పుడు నూకాలు దారికి అడ్డంగా నిలబడింది. "దొంగ అని నలుగురిలో అన్నారు. కాదని కూడా నలుగురిలోనే చెప్పి వెళ్ళండి" అంది.

పెద్దమనుషులు ముగ్గురూ ఒక్కొక్కరే చెప్పారు. చిట్టెబ్బాయి పక్కనించి జారుకోబోయాడు. నూకాలు అడ్డు తప్పుకోలేదు. చివరికి "నా కోడలు దొంగ కాదు" అన్నాడు. అని, తాళంచెవి తీసి ఇవ్వబోయాడు. "మీ దగ్గరే ఉంచుకోండి మామయ్యా. నాకు కావలసింది మొక్క పెట్టింది" అంది నూకాలు.

ఆ తర్వాత పులిచింత మళ్ళీ నాలుగో ఆకు వెయ్యలేదే. వేస్తే దాని సాక్ష్యం చెరిగిపోతుంది. రేపెవడైనా వచ్చి మళ్ళీ నూకాల్ని దొంగంటాడని మూడాకులతోనే ఉండిపోయింది.

ఎప్పుడో ఒక కాడ మరిచిపోయి నాలుగాకులు వేస్తే, దొరికినవాళ్ళు అదృష్టమని జేబులో దాచుకుంటారట. సిగ్గులేకపోతే సరి. నీకు దొరికితే మాత్రం వేవిళ్ళ మనిషెవరో చూసి ఇచ్చిరా. అది ఆవిడదే.

కథ కంచికి, పిల్ల మంచానికి, నా కోపం రేపటికి.