పొగ లేవని పొయ్యి

ఇటు రండర్రా, ఎండలో ఎగిరింది చాలు. పల్లీలు ఒలుస్తూ వినండి. ఒలిచినవన్నీ నోట్లో వేసుకునేవాళ్లకి కథ లేదు, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ బెల్లం వండుకుని బతికేవి. నవ్వకండి, నిజంగానే బతికేవి. ఆ అడవి నిండా ఈతచెట్లు. తెల్లారగానే కోతులు చెట్లెక్కి నీరా దించేవి. ఇంటింటా పెద్ద పెద్ద పెనాలుండేవి. పెనంలో నీరా పోసి, కింద కట్టెల మంట పెట్టి కలియబెడుతూ ఉంటే ఈతబెల్లం తయారయ్యేది. మైదానం నుంచి గాడిదలు వచ్చి ఆ బెల్లం తీసుకుని, బదులుగా జొన్నలు, ఉప్పు ఇచ్చి పోయేవి.

కట్టెలు మాత్రం ఒక్కచోటే దొరికేవి. అది కాటమయ్య అడితి. కాటమయ్య ఎలుగుబంటి. అడవికి పెద్ద కూడా ఆయనే. చెట్లు కొట్టించేదీ ఆయనే, కట్టెలు అమ్మేదీ ఆయనే, పంచాయితీలో తీర్పు చెప్పేదీ ఆయనే. ఇంకేం కావాలి ఆయనకి?

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా చనిపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. మనమూ అంతే కదా. కానీ వాళ్లు దాన్ని ఎక్కడిదాకా లాగారంటే, ఇంటిమీద పొగ కనబడకపోతే ఎవరో చచ్చిపోయారనే లెక్క. పొద్దున్నే ఎదురుపడితే "బాగున్నారా" అనరు, "మీ పొగ లేచిందా" అంటారు. సంబంధానికి వెళ్తే పిల్లని కాదు, వాళ్లింటి పొగ ఎంత ఎత్తు లేస్తుందో చూస్తారు. కళ్లు మండి నీళ్లు కారుతున్నా "మా పొగ చూశారా" అని మురిసిపోతారు. అలాంటివాళ్లకి ఏం చెప్తాం.

అడవి చివర ఒక కోన ఉంది. అందులో పాతకాలపు మద్దిచెట్లు, వాటి కింద ఎప్పుడూ ఎండని ఊట. అక్కడ దానమ్మ అనే దుప్పి ఉండేది. మొగుడు పోలయ్య కాటమయ్య అడితిలో కొమ్ములమీద కట్టెలు మోసేవాడు. వాళ్లకొక్కతే పిల్ల, చుక్కి. పొగకి ఆ పిల్లకి ఎప్పుడూ దగ్గే. దగ్గినప్పుడల్లా దానమ్మ దాన్ని ఊట పక్కన పడుకోబెట్టేది. చెట్ల చల్లగాలికి పిల్ల తేరుకునేది. ఆ కోనే లేకపోతే నా పిల్ల లేదు అనుకునేది దానమ్మ.

ఒకరోజు ఏటి మీదుగా లకుముకి పిట్ట వచ్చింది. దాని నోరు ఊరుకోదు, తెలుసుగా.

"దానమ్మక్కా, ఏటి అవతల అడవిలో ఏం చేస్తున్నారో తెలుసా? మట్టితో పెద్ద గుంటపళ్లెం చేసి, లోపలంతా అద్దంలా మెరిసే కాకిబంగారం రేకులు అతికిస్తున్నారు. దాన్ని ఎండకి ఎదురుగా పెడితే వెలుగంతా ఒకచోటికి వచ్చి పడుతోంది. అక్కడ పెనం పెడితే నీరా మరుగుతోంది. కట్టె లేదు, పొగ లేదు. ఎండపొయ్యి అంటున్నారు దాన్ని."

"మబ్బు పట్టిన రోజో?" అంది దానమ్మ.

"ఆ రోజుకి నాలుగు కట్టెలు పెట్టుకుంటారు. ఏడాదంతా మబ్బుంటుందా ఏమిటి?"

కాకిబంగారం వాళ్ల కొండలోనే బోలెడు పడి ఉంది. ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. దానమ్మ ఏరుకొచ్చింది, లకుముకి ముక్కుతో అతికించింది. పెనం పెట్టారు. మొదట్లో ఏమీ కాలేదు. తర్వాత చిన్న బుడగ వచ్చింది. మధ్యాహ్నానికల్లా కుతకుతలాడింది. దిగిన బెల్లం పచ్చటి బంగారం రంగు. పొగ కంపు లేదు. చుక్కి మూతంతా పూసుకుని తిన్నది, ఆ పూటంతా ఒక్కసారి కూడా దగ్గలేదు. దానమ్మకి ఏడుపొచ్చినంత పనైంది.

ఇంతలో పక్కింటి ఏదుపంది గవరమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"దానమ్మా, ఎవరే పోయింది? పోలయ్యా, పిల్లా?"

"ఎవరూ పోలేదు వదినా. బెల్లం వండుతున్నా."

"పొగేది మరి?"

"పొగ లేకుండానే ఉడికింది. ఇదిగో, కాస్త నోట్లో వేసుకో."

"చావింటి వంట నేను ముట్టను తల్లీ" అని గవరమ్మ వచ్చిన దారినే వెళ్లిపోయింది. సాయంత్రానికి అడవి అడవంతా ఇదే మాట.

కాటమయ్య మర్నాడే కోనకి వచ్చాడు. అరవలేదు, కరవలేదు. అలాంటివాళ్లు అరవరు. ఊట పక్కన కూర్చుని దాహం తీర్చుకుని మెల్లగా మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా, రేపు పంచాయితీ పెడుతున్నా. ఈ ఎండపొయ్యి మంచిదా చెడ్డదా అని అడుగుతారు. వండి చూసింది నువ్వొక్కదానివే. బెల్లం కుదరలేదని చెప్పు."

"కుదిరింది కదా అన్నా."

"కుదిరితే ఎవరికి? అడితి మూతపడితే పోలయ్య ఏం చేస్తాడు? ఇంకో మాట. కట్టెలకోసం నేను అన్ని కోనల్లో గొడ్డలి వేయించాను. ఈ కోన జోలికి ఇంతవరకూ రాలేదు. నువ్వు నా మాట వింటే ఎప్పటికీ రాను."

దానమ్మ మద్దిచెట్ల వైపు చూసింది. పడుకున్న పిల్ల వైపు చూసింది.

మర్నాడు అందరూ చేరారు. కాటమయ్య లేచి, "పొగ మన తాతల పేరు. పొగ లేని అడవిని చూసి ఎవడైనా వల్లకాడు అనుకుంటాడు. కట్టె కొట్టేవాళ్లు, మోసేవాళ్లు ఏమైపోవాలి?" అన్నాడు. సగంమంది తలలూపారు.

లకుముకి ఊరుకోలేదు. "ఆ పళ్లేలు చేసేదెవరు? రేకులు ఏరేదెవరు? ఆ పని మీ వాళ్లే చేసుకోవచ్చు. ఏటి అవతలివాళ్లు ఇప్పటికే నేర్చుకున్నారు, మీరు నేర్చుకోకపోతే గాడిదలు మీ గుమ్మం తొక్కవు." మిగతా సగం తలలూపారు.

అప్పుడు గవరమ్మ అంది. "వాళ్లూ వీళ్లూ ఎందుకు? దానమ్మ వండింది. దానమ్మ ఏం చెప్తే నేను అదే అంటా."

"నేనూ అంతే" అన్నాయి కుందేళ్లు. "మేమూ అంతే" అన్నాయి కోతులు.

అందరూ దానమ్మ వైపు తిరిగారు. పోలయ్య తలొంచుకుని నేల గీరుతున్నాడు.

"కుదరలేదు" అంది దానమ్మ. "బెల్లం కుదరలేదు."

అంతే. లకుముకి దానమ్మ మొహంలోకి ఒకసారి చూసి, ఏరు దాటి వెళ్లిపోయింది. దానమ్మ పళ్లేన్ని అందరిముందు పగలగొట్టారు. ఇకమీద ఎండపొయ్యి పెట్టినవాళ్లని వెలివేయాలని తీర్మానం చేశారు. అడితి చల్లగా ఉండాలని ఇంటింటా ఒక బెల్లం దిమ్మ కాటమయ్యకి ఇవ్వాలని కూడా చేశారు. చప్పట్లు కొట్టి మరీ చేశారు, చేతులు నొప్పి పుట్టేలా.

ఆ ఏడు గాడిదలు వచ్చి సగం బెల్లమే తీసుకున్నాయి. "అవతల బంగారంలాంటి బెల్లం దొరుకుతోంది. కట్టె ఖర్చు లేదు కాబట్టి చవకగా ఇస్తున్నారు" అన్నాయి. గాడిదలకి రుచి ఏం తెలుసని కాటమయ్య నవ్వాడు, అందరూ నవ్వారు.

రెండో ఏడు గాడిదలు బెల్లం వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. ఉప్పు మాత్రం ఇచ్చి, జొన్నలు ఇవ్వలేదు. ఇదంతా అవతలివాళ్ల కుట్ర అన్నాడు కాటమయ్య. లకుముకి ద్రోహి అని చాటించాడు. కడుపు నిండకపోయినా తిట్టుకోవడానికి ఒకళ్లు దొరికారు కదా, అందరూ శాంతించారు.

మూడో ఏడు గాడిదలు ఆగకుండా ఏటి వైపు వెళ్లిపోయాయి. చిన్నపిల్లలు వాటి వెనక పరిగెత్తి పిలిచారు. ఒక్కటి కూడా వెనక్కి తిరగలేదు.

ఈలోగా కొండలు బోడులయ్యాయి. కట్టె కోసం పోలయ్య పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవాడు. అమ్ముడుపోని బెల్లం చీమలు తిన్నాయి. అయినా పొద్దున్నే పొయ్యిలు వెలిగించాల్సిందే, లేకపోతే చావిల్లు అంటారుగా.

ఒకనాడు కాటమయ్య గొడ్డళ్లు పట్టుకున్న తన ఎలుగు మందని వెంటేసుకుని కోనకి వచ్చాడు.

దానమ్మ అడ్డం నిలబడింది. "మాటిచ్చావు కదా అన్నా."

"ఇచ్చాను. మిగతాచోట కట్టె అయిపోయింది, నన్నేం చెయ్యమంటావు? ఎండపొయ్యి కుదరదని నువ్వే చెప్పావు. అది కుదరనప్పుడు కట్టే గతి."

"నేను అబద్ధం చెప్పాను."

"తెలుసమ్మా" అన్నాడు కాటమయ్య. "ఆ రోజు నీకంటే ముందు నాకే తెలుసు."

మద్దిచెట్లు ఒక్కొక్కటే పడ్డాయి. పోలయ్యే వాటిని మోశాడు, అదే అతని ఉద్యోగం మరి. ఎండాకాలానికి ఊట ఇంకిపోయింది. దగ్గినప్పుడు పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలో దానమ్మకి తెలియలేదు. చుక్కి మరుసటి వానాకాలం చూడలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. అది నిజంగానే చావిల్లు.

ఏడవకండి. కథ ఇంకా అవలేదు.

ఆకలికి తాళలేక అడవి అంతా కలిసి ఏటి అవతలివాళ్లని జొన్నలడిగింది. అక్కడి పెద్ద అంకమ్మ అనే గేదె. ఆమె చెడ్డదేం కాదు, లెక్కగలది. "జొన్నలిస్తాం. మీ కొండమీద కాకిబంగారం మాది. మీ అడవి సంగతులు ఇకమీద మా రచ్చబండ దగ్గర తేలుస్తాం. మీరు వచ్చి వినొచ్చు, మాట్లాడకూడదు" అంది. అడవి పెద్ద హోదాలో కాటమయ్యే పంజా ముద్ర వేశాడు. వేసినందుకు ఆయనకి అక్కడే మేస్త్రీ పని దొరికింది. తెల్లటి తలగుడ్డ కట్టుకుని "నేను మొదట్నుంచీ ఎండ పక్షమే" అని తిరిగేవాడు.

మిగతావాళ్లు కూలికి వెళ్లి అవతలి గట్టున బారులు తీరారు. తమ కొండ నుంచి తెచ్చిన రేకులే అక్కడ వందల పళ్లేల్లో మెరుస్తున్నాయి. అంకమ్మ ఒక్కొక్కరినే అడుగుతోంది. పని వచ్చినవాళ్లకి పెనం దగ్గర నీడలో పని, రానివాళ్లకి నీళ్ల మోత.

దానమ్మ వంతు వచ్చింది. వెనకే గవరమ్మ, దాని వెనక కుందేళ్లు, కోతులు, పక్కన పోలయ్య.

"ఎండపొయ్యి పని వచ్చా?" అని అడిగింది అంకమ్మ.

దానమ్మ తల దించుకుంది. అప్పుడు కాటమయ్య ముందుకొచ్చాడు. పనిమంతుల్ని చూపిస్తే మేస్త్రీకి మెచ్చుకోలు కదా.

"భేషుగ్గా వచ్చండీ. మా అడవిలో మొట్టమొదట వండింది ఈవిడే. బెల్లం బంగారంలా దిగింది. నాది పూచీ."

గవరమ్మ నెత్తిమీది మూట కిందికి దించి, దానమ్మ ముందుకి వచ్చి నిలబడింది.

"మరి ఆ రోజు కుదరలేదన్నావేం, దానమ్మా?"

దానమ్మ ఏటి ఆవల తమ బోడికొండ వైపు చూసింది. అంకమ్మ మాత్రం ఎదురుగా ఉన్న పెనం చూపించి, "పొద్దు పోతోంది, కానివ్వు" అంది.

నీతి: కళ్లారా చూసిన మంచిని భయపడి కాదంటే, అది ఆగిపోదు, పక్కవాడి ఇంటికి వెళ్లి, అక్కడే మనల్ని కూలికి పిలుస్తుంది.