హైమావతి దాచిన మాట

బొబ్బిలిలో లెక్కల టీచరుగా పనిచేసే హైమావతికి తన ఇంటి లోపం ఏదీ బయటపడకూడదనే పట్టుదల ఉండేది. ఆమెకు నాలుగేళ్ల కూతురు నైమిష. కోపం వస్తే ఆ పిల్ల ఎదుటివాళ్లను కొరికేది. "రెండు నెలల్లో ఈ అలవాటు మానకపోతే పాపను మా బడికి పంపకండి" అని నర్సరీ వాళ్లు చెప్పేశారు.

అలాంటి పిల్లల తల్లిదండ్రుల కోసం సలోమి అనే కౌన్సెలర్ ఊళ్లో ప్రతి శనివారం తరగతి నడిపేది. హైమావతి అందులో చేరింది. పిల్లలు పక్కగదిలో ఆడుకుంటుంటే, ఎనిమిది కుటుంబాల వాళ్లు చాప మీద గుండ్రంగా కూర్చుని ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో చెప్పేవారు.

"మూడు రోజులు నిమ్మళంగానే ఉన్నానండి. నాలుగోరోజు పిల్ల మీద చెయ్యి లేచిపోయింది" అన్నాడు ఆటో నడిపే తవిటినాయుడు, తల వంచుకుని. అందరూ అతనికి తమకు తోచిన ఉపాయం చెప్పారు.

హైమావతి మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా "మా పాప బాగానే ఉందండి" అనేది. టీచరై ఉండి సొంత పిల్లను దిద్దుకోలేకపోయిందని నలుగురూ అనుకుంటారని ఆమె భయం.

మూడో శనివారం పక్కగదిలోంచి కేక వినిపించింది. నైమిష తవిటినాయుడి కూతురి చెయ్యి కొరికింది. హైమావతి పరుగెత్తింది.

"అయ్యో, ఇంట్లో ఇలా ఎప్పుడూ చేయదండీ!"

నైమిష ఆశ్చర్యంగా చూసింది. "నిన్న నిన్ను కూడా కొరికాను కదమ్మా!"

హైమావతి మొహం పాలిపోయింది. తవిటినాయుడు కూతురి చెయ్యి నీళ్లతో కడిగి, "మా పిల్లకి తగ్గిపోద్దిలెండి మేడమ్. ముందు మీరు కూర్చోండి" అన్నాడు.

ఆ మాటకు ఆమెకు ఏడుపు ఆగలేదు. కొరికినప్పుడల్లా కొడుతున్నానని, ఏడుపు మాన్పడానికి ఫోను ఇస్తున్నానని మొదటిసారి అందరి ముందూ చెప్పింది.

"కొరికితే దెబ్బ, ఏడిస్తే ఫోను. మరి పాప బుద్ధిగా ఆడుకుంటున్నప్పుడు?" అని అడిగింది సలోమి.

"అప్పుడు నేను నోటుపుస్తకాలు దిద్దుకుంటాను" అంది హైమావతి మెల్లగా.

ఆ రోజు నుంచి సలోమి చెప్పినట్టు హైమావతి రోజూ పావుగంట కూతురితో ఆడుకుంది. బుద్ధిగా ఉన్నప్పుడు చూసి మెచ్చుకుంది. కొరికితే కొట్టకుండా ఆట ఆపేసింది. రెండుసార్లు ఓపిక నశించి కొట్టింది. ఆ సంగతీ శనివారం చెప్పేసింది.

కొన్ని వారాలకు, నర్సరీ గుమ్మంలో ఒక పిల్లవాడు నైమిష చేతిలోని బొమ్మ లాక్కున్నాడు. నైమిష నోరు తెరిచింది. హైమావతి ఒక అడుగు ముందుకు వేసింది.

"నాది! ఇచ్చెయ్!" అని అరిచింది నైమిష.

"కొరకకుండా అడిగావు, బంగారుతల్లీ!" అంటూ హైమావతి కూతుర్ని దగ్గరకు తీసుకుంది. నర్సరీ వాళ్లు ఇక పాపను మాన్పించే మాట ఎత్తలేదు.

నీతి: బిడ్డ విషయంలో మన పొరపాటును పరువు కోసం దాచుకుంటే అది అలాగే ఉండిపోతుంది, నలుగురిలో ఒప్పుకుంటేనే దిద్దుకునే దారి దొరుకుతుంది.