పాట ఆగిన బావి

అనగా అనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి వానలు మొహం చాటేశాయి. చెరువులు నెర్రెలిచ్చాయి. పశువులు నాలుకలు చాచాయి. "ఊరూరా బావులు లోతు చేయండి" అని రాజుగారు చాటింపు వేయించారు.

ఒక ఊళ్ళో ఆ పనికి పుల్లన్న బావిలోకి దిగాడు. నడుముకు మోకు కట్టుకుని అడుగున తవ్వేవాడు. గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు మట్టి గంపలు పైకి లాగేవాళ్లు. ఒకామె పుల్లన్న భార్య సుంకమ్మ. ఇంకొకామె ఈరమ్మ. వయసులో చిన్నది, నోట్లో నాలుక లేని మనిషి.

బావి పనికి పెద్దలు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. లోపలివాడు పాడుతూనే ఉండాలి. ఎందుకంటే లోతు బావుల్లో చెడుగాలి ఉంటుంది. అది కంటికి కనబడదు, చెప్పి రాదు. పాట వినబడుతుంటే మనిషి బాగున్నట్టు. పాట ఆగిందా, ఇంకేమీ ఆలోచించకుండా మోకు లాగెయ్యాలి. అందుకని గట్టు మీదివాళ్లకు చేతులెంత ముఖ్యమో చెవులూ అంతే.

సుంకమ్మ మంచిదే. ఉన్నదాంట్లో నలుగురికీ పెట్టే గుణం. కానీ ఆమె నోటికి మాత్రం విశ్రాంతి లేదు.

"విన్నావటే ఈరీ, పైనుంటే నా మాటలు వినాల్సొస్తుందనే మా ఆయన బావిలోకి దిగాడు!" అని తనే పకపకా నవ్వేది.

ఈరమ్మ కూడా నవ్వేది. నవ్వుతూనే ఒక చెవి బావి వైపు పెట్టేది.

ఒకనాడు మాటల సందడిలో సుంకమ్మ చెయ్యి జారింది. గంప గోడకు తగిలి మట్టిపెళ్లలు పుల్లన్న భుజం మీద పడ్డాయి. "పైన పెళ్లేమన్నా జరుగుతోందా?" అని అతను లోపలినుంచి అరిచాడు. మాటలు తగ్గించమని సుంకమ్మతో అనాలనిపించింది ఈరమ్మకు. పెద్దది, నొచ్చుకుంటుందేమోనని మాట మింగేసింది.

ఇంకోనాడు పుల్లన్న దాహమని పిలిచాడు. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. సుంకమ్మ మాటల్లో పడి పైన ఎవరికీ వినబడలేదు. సాయంత్రం పైకొచ్చి అతను ముంత ఎత్తి గటగటా తాగుతుంటే ఈరమ్మ ఆ మొహం చూడలేకపోయింది.

"అక్కా..." అంది.

"ఏమే?"

"ఏం లేదులే" అంది ఈరమ్మ.

మరోనాడు అడుగున చెమ్మ తగిలింది. బావి బాగా లోతైంది, పాట సన్నగా వస్తోంది. సుంకమ్మ ఎవరింటి పెళ్లిలోనో పప్పులో ఉప్పు మరిచిపోయిన సంగతి చెబుతోంది. ఈరమ్మ చెవి పెట్టింది. పాట ఉందో లేదో తెలియలేదు. ఆ మాటల హోరులో ఏదీ వినబడటం లేదు.

ఆమె సుంకమ్మ వైపు తిరిగింది.

"అక్కా! మాట ఆపు!"

ఈరమ్మ అంత గట్టిగా అరవడం ఎవరూ ఎరగరు. సుంకమ్మ మొహం ఎర్రబడింది. "ఏమే, నా నోటికి నువ్వు తాళం వేస్తావా?"

"తర్వాత ఎంతైనా తిట్టు. ఇప్పుడు విను."

ఇద్దరూ విన్నారు. బావి మూగగా ఉంది.

సుంకమ్మ మొహాన నెత్తుటి చుక్క లేదు. ఇద్దరూ మోకు పట్టుకుని లాగారు. అరచేతులు చీరుకుపోయినా లాగారు. పుల్లన్న తల వేలాడేసి పైకొచ్చాడు. గాలికి పడుకోబెట్టారు, మొహాన నీళ్లు కొట్టారు, కొంగుతో విసిరారు. చాలాసేపటికి అతను దగ్గాడు. కళ్లు తెరిచాడు.

సుంకమ్మ అతని కాళ్ల దగ్గర కూలబడింది. తర్వాత ఈరమ్మ వైపు తిరిగింది.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"నొచ్చుకుంటావని, అక్కా."

"నొచ్చుకుంటే ఒక పూట అలిగేదాన్ని. మళ్లీ నేనే నీకు సంకటి పెట్టేదాన్ని. ఈయన పోతే ఎక్కణ్ణుంచి తెచ్చేదానివి?"

సుంకమ్మ, చీరుకుపోయిన ఈరమ్మ చేతులు తన ఒళ్ళో పెట్టుకుని, కొంగు చింపి కట్టు కట్టింది.

పని వేళ నోరు అదుపులో పెట్టుకోకపోవడం ఒక తప్పు. మొహమాటపడి ఆ సంగతి చెప్పకపోవడం ఇంకో తప్పు.