కాశయ్య ఎర్రదారం

అడవి అంచున, వాగు మలుపులో ఒక మద్దిచెట్టు. దాని కింది కొమ్మ మీద కాశయ్య అనే కుట్టుపిట్ట కొట్టు. ఆ చుట్టుపక్కల ఏ మగ జంతువుకు లాల్చీ కావాలన్నా అక్కడికే రావాలి. ఎద్దుకైతే మూపురం దగ్గర గుడ్డ వదలాలి. ఎలుగుబంటికి చంకలో అదనపు ముక్క వెయ్యాలి. మేకపోతుకు గడ్డం తగలకుండా మెడపట్టీ దించాలి. ఇవన్నీ కాశయ్యకు కంటికొలతే. ఒక్కో లాల్చీకి నాలుగు రోజులు పట్టేది. గుండీల కాజాలు కుట్టేటప్పుడైతే పెళ్లాం పిలిచినా పలికేవాడు కాదు. అంతా అయ్యాక మెడపట్టీ లోపల జొన్నగింజంత ఎర్రదారం గుర్తు వేసేవాడు. అది వాళ్ల తాతల నాటి గుర్తు.

గుర్తుతో పాటు ఒక కట్టుబాటూ వచ్చింది. ఎర్రదారం ఉన్న బట్ట గుమ్మం ఎక్కితే బాగుచెయ్యకుండా తిప్పి పంపకూడదు. మంచి కట్టుబాటే, కాదనను. దాన్ని ఎవరి ముందు చెప్పుకోవాలో, ఎవరి ముందు నోరు మూసుకోవాలో కాశయ్యకు తెలియలేదు, అంతే.

ఒకరోజు పరంధామయ్య అనే నక్క వచ్చాడు.

"కాశన్నా, నాకూ ఒకటి కుట్టిపెట్టవయ్యా. ఈ అడవిలో పుట్టి నీ చేతి లాల్చీ తొడుక్కోకుండా పోతే ఆ బతుకెందుకు?"

నాలుగు రోజులకు లాల్చీ సిద్ధమైంది. నక్క మెడపట్టీ తిరగేసి చూశాడు.

"ఈ ఎర్రచుక్క ఏంటన్నా?"

"మా ఇంటి గుర్తండీ. అదుంటే పదేళ్ల తర్వాత గుండీ ఊడినా పూచీ నాదే."

"ఎవరు తెచ్చినా?"

"ఎవరు తెచ్చినా."

"ఎన్ని తెచ్చినా?"

కాశయ్య నవ్వాడు. "నా బట్ట అన్నిసార్లు ఎందుకు చిరుగుతుందండీ?"

"అదీ నిజమేలే," అని నక్క లాల్చీ మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒంటికి తొడుక్కుని చూడనైనా లేదు. కాశయ్య భార్య నాంచారమ్మ ఆ సంగతి కనిపెట్టింది గానీ, కాశయ్య ఇంకా పొగడ్త మత్తులోనే ఉన్నాడు.

రెండు నెలలు తిరక్కుండా పరంధామయ్య వాగు అవతల కోతులను కూర్చోబెట్టి మిషన్లు పెట్టించాడు. సంతలో కొట్టు తెరిచాడు. కాశయ్య లాల్చీలు, అడిగిన పూటే ఇస్తాం అని కేకలు. ప్రతి మెడపట్టీ లోపలా ఎర్రదారం. కోతులు మాత్రం ఎద్దుకూ మేకపోతుకూ ఒకే కొలతతో కత్తిరించిపారేశాయి.

ముందుగా ఎలుగుబంటి జాంబయ్య వచ్చిపడ్డాడు.

"ఏం పిట్టా, ఇదేనా నీ పనితనం? తేనెపట్టు కోసం ఎత్తానో లేదో, చెయ్యి ఊడొచ్చింది! నాది కాదు, లాల్చీది!"

కాశయ్య చూడగానే పోల్చుకున్నాడు. చంకలో ముక్క లేదు. కాజాల చుట్టూ పీచులు లేచిపోయి ఉన్నాయి.

"ఇది నేను కుట్టింది కాదు జాంబయ్యా. ఎవరో నా గుర్తు దొంగిలించారు."

"మరి ఈ ఎర్రదారం ఏంటి? ఇప్పుడు కాదంటే నాకెట్టా కుదురుద్ది?"

"నీది కాదని చెప్పావుగా, పంపించెయ్యి," అంది నాంచారమ్మ వెనక నుంచి.

కాశయ్య పంపించెయ్యలేకపోయాడు. కట్టుబాటు ఒకటి అడ్డమొచ్చింది. అంతకంటే ఆ కాజాలు అతని కంట్లో నలుసులా పడ్డాయి. సూది ముక్కున కరిచి, కోతుల కుట్లన్నీ విప్పేసి, చంకలో ముక్క వేసి, చెయ్యి అతికించాడు. అడక్కపోయినా ఆరు కాజాలూ మళ్లీ కుట్టాడు.

"ఊడింది చెయ్యి కదా, కాజాలెందుకు ముట్టుకున్నావ్?" అని నాంచారమ్మ నిలదీసింది.

"ఆ కాజాలతో నా పేరు సంతలో తిరుగుతుంటే నాకు కూడు దిగదే."

జాంబయ్య ఊరంతా చెప్పాడు. మర్నాటి నుంచి మద్దిచెట్టు కింద బారులు తీరారు. ఒకడికి మెడ పట్టేసింది, ఒకడికి వీపు చిరిగింది. కాశయ్య విప్పుతూనే ఉన్నాడు, కుడుతూనే ఉన్నాడు. తను కత్తిరించి పెట్టుకున్న లాల్చీలు మాత్రం అట్లాగే పడి ఉన్నాయి. వాటిలో ఎద్దు బసవయ్యది ఒకటి. బసవయ్య వారం వారం వచ్చి, పర్లేదులే అని వెళ్లేవాడు. చివరికి ఒకరోజు నక్క కొట్లో లాల్చీ తొడుక్కుని వచ్చాడు.

"ఏమీ అనుకోకు కాశయ్యా. చూసి చూసి అక్కడే తీసుకున్నా. మూపురం దగ్గర పట్టేసింది, కాస్త వదులు చేసిపెట్టు. ఎట్టాగూ చేస్తావని పరంధామయ్య చెప్పి మరీ ఇచ్చాడు."

ఇంకెవరన్నా అంటే ఏమో గానీ, బసవయ్యే ఆ మాట అనేసరికి కాశయ్యకు కోపమొచ్చింది. ఆ కోపంలోనూ కోతుల కుట్లన్నీ విప్పేసి, మూపురం దగ్గర గుడ్డ వదిలి, కాజాలు కుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత తిన్నగా ఏనుగు పెద్దాయన దగ్గరికి వెళ్లి పంచాయితీ పెట్టించాడు. తన గుర్తు తనకు దక్కాలి, అంతే అడిగాడు.

నక్క చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెద్దయ్యా, నేను వాదించను. కాశన్న ప్రాణం పోయినా అబద్ధమాడడు. రెండు ముక్కలు ఆయన్నే అడుగుతా." బసవయ్య లాల్చీ అందుకున్నాడు. "ఈ మూపురం దగ్గర కుట్టు ఎవరిదన్నా?"

"నాదే. అయితే..."

"ఈ జాంబయ్య చంకలో ముక్క?"

"నాదే. ఆ కోతులు తగలేస్తే నేను..."

"ఈ కాజా?"

కాశయ్య కాజా వంక చూశాడు. ఈ ఒక్కటి కాదంటే తగువు గెలిచినట్టే. కానీ ఎంత చక్కగా వచ్చింది కాజా! దారం దారానికీ సమానంగా దూరం, ఒక్క పీచు లేదు. అది తనది కాదనడానికి నోరు రాలేదు.

"నాదే," అన్నాడు.

ఏనుగు తొండం ఊపాడు. "గుర్తు నీది, కుట్లు నీవి. ఇంక తగువేముందయ్యా?"

"మొదట కుట్టిందెవరో అడగండి!" అని నాంచారమ్మ అరిచింది. "కోతుల కుట్లు చూడండి!"

"ఏవి తల్లీ అవి? ఒక్కటైనా చూపించు. మీ ఆయనే విప్పి పారేశాడుగా," అన్నాడు ఏనుగు.

నాంచారమ్మ మొగుడి వంక చూసింది.

తీర్పు చెప్పేశారు. కాశయ్య కుడుతున్నదంతా పరంధామయ్య కొట్టు బట్టలే కాబట్టి ఇకమీదట ఎర్రదారం ఆ కొట్టుది. కట్టుబాటు ప్రకారం బాగుచేసే పని కాశయ్యది. జనం వాగు మలుపు దాకా నడవలేరు కాబట్టి కాశయ్యే వచ్చి ఆ కొట్టు వెనక కూర్చోవాలి.

"రా కాశీ, కూర్చో," అన్నాడు నక్క. ఆ పూటతో 'అన్న' అనే పిలుపు పోయింది. "కాజాల మీద మాత్రం అంతసేపు ఉండమాక. బయట జనం నిలబడి ఉన్నారు."

కాశయ్య కూర్చున్నాడు. అప్పటి నుంచి ఏడాది గడిచినా ఒక్క కొత్త లాల్చీ కుట్టింది లేదు.

మన పేరు దొంగిలించినవాడి పనిని మనమే దిద్దిపెట్టామా, ఆ పేరు వాడికి మనమే రాసిచ్చినట్టు.