మంచు విడిచాక కొలిచిన గాలి

రామజోగి మాస్టారిని అవునా కాదా అని అడిగితే ఏనాడూ సూటిగా జవాబు రాదు. గాలిలో విషం కొలిచే ఉద్యోగంలో ముప్పయ్యేళ్ళు అరిగిన మనిషి. మాకు ఆ పని నేర్పిందీ ఆయనే. ఏదడిగినా ఎప్పుడో జరిగిన సంగతొకటి చెప్పి, మజ్జిగ తాగి లేచిపోతారు. మా చావు మేం చావాలి.

ఆ రోజు మా సోమశేఖరం రిపోర్టు పట్టుకొచ్చాడు. ఎరువుల ఫ్యాక్టరీ పక్కన తన తమలపాకు తోట మాడిపోతోందని ఒక రైతు అర్జీ పెట్టుకున్నాడు. వీడు సంతకం పెడితే ఆ అర్జీ చెత్తబుట్టలోకి, తోట మట్టిలోకి పోతాయి.

"మూడు రోజులు కొలిచానండీ. పొగలో గంధకం హద్దులోనే ఉంది. ఓజోనూ హద్దులోనే ఉంది. ఉన్నదున్నట్టు రాస్తే నా తప్పేముంది మాస్టారూ?"

"యంత్రం ఎన్నింటికి పెట్టావు?"

"తొమ్మిదిన్నరకండి. మంచులో పెడితే వడపోత కాగితం తడిసి చిరుగుతుంది కదా. మన ఆఫీసులో అందరూ అంతే."

"అందరికీ అలా నేర్పింది నేనే," అని మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనా ఇంకో ఫ్యాక్టరీ పక్కనున్న అలాంటి తోటకే వెళ్ళారట. ఎర్నమ్మ అనే మనిషిది. అవిశె చెట్లకు పాకించిన తీగలు, ఆకు నిండా కాలిన మచ్చలు. ఈయన యంత్రం దించుతుంటే ఆమె బతిమాలింది. "పొద్దెక్కినాక ఏటుంటాది బాబూ? మంచులో రా. ఆకు మీద నీళ్ళు తగిల్తే సెయ్యి సురుక్కుమంటాది."

ఈయన మంచులో వెళ్ళలేదు. కాగితం తడుస్తుందని! ఆఖరి రోజున రిపోర్టు రాయడం అయ్యాక, ఇంటికొచ్చిన ఆఫీసరు కదా అని ఆమె తాంబూలం పెట్టింది. ఉన్నవాటిలో మంచివి ఏరినా అన్నిటికీ మచ్చలే. ఆకుకు హాని లేదని రాసిన ఈ పెద్దమనిషి వాటిని నోట పెట్టుకోలేదు. జేబులో వేసుకుని, మలుపు తిరగ్గానే పారేశారు.

"అప్పటికి మీకు తెలీదు కదండీ," అన్నాడు సోమశేఖరం, పాపం ఆయన్ని కాయబోయి.

"ఎందుకు తెలీదురా? పొడిగాలిలో గంధకపు పొగా ఓజోనూ పక్కపక్కనే పోతున్నా ఒకదాని జోలికి ఒకటి పెద్దగా పోవు. రెండూ ఒకే మంచుబొట్టులో దిగాయా, సూర్యుడు పైకొచ్చేలోగా ఆమ్లం తయారు. బొట్టు ఆరిపోతుంది, మచ్చ మిగులుతుంది. ఇది చదివే నేను డిగ్రీ తెచ్చుకున్నాను. తెలిసే తొమ్మిదిన్నరకి వెళ్ళాను."

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీదో, మా అందరి మీదో చెప్పలేను. సోమశేఖరం రిపోర్టు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండేళ్ళకి ఎర్నమ్మ తీగలు పీకేసిందట. మాస్టారు మళ్ళీ అటు వెళ్ళేసరికి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఊడుస్తూ కనిపించింది.

"మిమ్మల్ని తిట్టిందా?" అని అడిగాడు వీడు.

మాస్టారు మజ్జిగ గ్లాసు అందుకోలేదు.

"లేదురా. చీపురు కింద పెట్టి మరీ దండం పెట్టింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి."