బాకీ తీరినోళ్ళని చూపించు

అనగనగా ఒక అడివి. ఆ అడివిలో ఒక ఇప్పచెట్టు. ఆ చెట్టు తొర్రలో ఒక ఉడత. మొగుణ్ణి డేగ ఎత్తుకుపోయింది. పిల్లలు మూడు. వాటికింకా కొమ్మ దాటడం కూడా రాదు.

పోయిన వానలకి తొర్రలోకి నీళ్ళు దిగాయి. దాచుకున్న గింజలన్నీ బూజు పట్టాయి. ఉడత కాకి దగ్గర గింజలు అప్పు తెచ్చింది. కాకికి వడ్డీ కట్టడానికి ఎలుక దగ్గర తెచ్చింది. ఎలుకకి వడ్డీ కట్టడానికి చిలక దగ్గర తెచ్చింది.

ఇంకేముంది. తెల్లారితే కాకి వచ్చి కూర్చునేది. మధ్యాన్నం ఎలుక. పొద్దుగూకితే చిలక. ఉడత ఏరుకొచ్చిందంతా వడ్డీలకే పోయేది. అసలు మాత్రం అట్టాగే ఉండేది.

ఒకరోజు చిలక తెగేసి చెప్పింది.

"ఇదిగో ఉడతా, వానలు మొదలయ్యేలోపు నా గింజలు నాకు పడాలి. లేదంటే తొర్ర ఖాళీ చెయ్యి. అందులో నేను గుడ్లు పెట్టుకుంటా."

"పిల్లల్నేసుకుని వానలో ఎక్కడికి పోను?"

"తెచ్చుకునేప్పుడు అడిగావా ఆ మాట?" అని ఎగిరిపోయింది.

ఉడత ఏడవలేదు. ఏడిస్తే గింజలు రాలవు. మూడు బాకీలూ ఎవరైనా ఒకళ్ళే తీర్చేస్తే, ఇక ఆ ఒక్కళ్ళకే కట్టుకుంటే చాలు కదా అనుకుంది. మంచి ఆలోచనే. ఆ ఒక్కళ్ళు ఎవరన్నదే తిప్పలు.

ముందు పునుగుపిల్లి దగ్గరికి పోయింది. అల్లంత దూరం నుంచే ఘుమఘుమలాడుతోంది.

"రా చెల్లెమ్మా, రా. ఎంత చిక్కిపోయావో!" అంది పునుగుపిల్లి. ఉడత గోడంతా విని మళ్ళీ అంది. "మూడు బాకీలేనా? నేను తీర్చేస్తా. నువ్వు నాకు రోజుకొక్క గింజ ఇస్తే చాలు."

"ఒక్కటే! ఎన్నాళ్ళివ్వాలన్నా?"

"ఇప్పుడా లెక్కలెందుకు? నెమ్మదిగా ఇద్దువుగాని. ముందు ఖర్చులకి మాత్రం ఒక దోసెడు గింజలు తెచ్చి పెట్టు."

"అప్పుకొచ్చినదాన్ని, నేను పెట్టేదేంటన్నా?"

"పద్ధతమ్మా, పద్ధతి. నా మాట మీద నమ్మకం లేకపోతే మనవాళ్ళని అడుగు."

మనవాళ్ళంటే అక్కడే కూర్చుని ఉన్నారు, దాని దగ్గర అప్పు తెచ్చుకున్న అడివికోడీ కుందేలూ.

"దేవుడు" అంది అడివికోడి.

"బంగారం" అంది కుందేలు. అంటూ పునుగుపిల్లి మొహంలోకి చూసింది.

ఉడతకి దాదాపు మనసు కుదిరిపోయింది. దోసెడు గింజలు ఎక్కడ దొరుకుతాయా అని కూడా ఆలోచించింది. పోతూ పోతూ కుందేల్ని ఊరికే అడిగింది.

"నీ బాకీ ఎప్పుడు తీరింది బావా?"

"తీరడమేంటి?" అంది కుందేలు. "మా నాయన తెచ్చాడు, నేను కడుతున్నా. ఒకరోజు కట్టకపోతే ఏమీ అనడు వదినా. ఆ గింజలు కూడా అప్పులో కలిపేసి లెక్క మళ్ళీ మొదట్నుంచి మొదలెడతాడు. బంగారం."

"అడివికోడిది?"

"దానిదీ అంతే."

"పోనీ, తీర్చేసినోళ్ళు ఒక్కళ్ళని చూపించు."

కుందేలు చెవులు వాల్చి ఆలోచించింది. ఎవరూ తట్టలేదు.

ఉడత మళ్ళీ వెనక్కి చూడలేదు. తిన్నగా ఉడుము దగ్గరికి పోయింది. ఉడుము ఒక చెట్టు తొర్రలో నుంచి తల బైటికి పెట్టి సంగతి వింది.

"ఇస్తా. నీ తొర్ర తాకట్టు పెట్టు" అంది.

"నీ దగ్గర బాకీ తీర్చేసినోళ్ళు ఉన్నారా?"

"ఎందుకు లేరు? ఈ తొర్ర గుడ్లగూబది. తీర్చేసింది."

"మరి గుడ్లగూబేది?"

"ఏమో, నాకేం తెలుసు" అని ఉడుము తల లోపలికి పెట్టేసుకుంది.

ఇక మిగిలింది ఏదుపంది. దాని దగ్గరికి ఎవరూ ఇష్టంగా పోరు. పోయేసరికి ఏదో గడ్డ కొరుకుతోంది. తల కూడా ఎత్తలేదు.

"ఎందుకొచ్చావ్?"

ఉడత సంగతంతా చెప్పింది.

"ఒక అప్పు తీర్చడానికి ఇంకొకటి, దానికింకొకటి. బుర్రుండే చేశావా ఈ పని?" అంది ఏదుపంది. "గింజలు నీ చేతికివ్వను. నీతో వచ్చి ఆ ముగ్గురికీ నేనే ఇస్తా. ముట్టిందని వాళ్ళు నలుగురి ముందూ చెప్పాలి. నువ్వు నాకు రోజుకి మూడు గింజలియ్యాలి. వడ్డీ అందులోనే. మళ్ళీ ఇప్పపూలు రాలేదాకా. రాలిన రోజుతో సరి."

"పునుగుపిల్లి రోజుకొకటే చాలంది తాతా."

"అయితే అక్కడికే పో."

ఉడతకి ఒళ్ళు మండింది. అయినా పోలేదు. "ఇయ్యలేని రోజొస్తే?"

"ముందే వచ్చి చెప్పు. మర్నాడు కలిపి ఇద్దువుగాని. చెప్పకుండా దాక్కున్నావా, వచ్చి నీ చెట్టు కింద కూర్చుంటా."

"నీ బాకీ తీర్చేసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

"ఆ తుప్ప అవతల కౌజుపిట్ట ఉంది. పోయి అడుగు. తిడుతుంది" అని మళ్ళీ గడ్డ కొరుక్కుంది.

నిజంగానే తిట్టింది.

"ఆ ముళ్ళోడా! వాడి మొహం పొద్దున్నే చూస్తే అన్నం పుట్టదు. ఒక్క గింజ వదిలాడా? ఒక్కరోజు చెప్పకుండా ఎగ్గొట్టానని వచ్చి ఇంటి ముందు కూర్చున్నాడు. అడివంతా చూసింది. తల కొట్టేసినట్టయింది."

"మెల్లిగా పిన్నీ, తాత బొరియ పక్కనే ఉంది. వింటాడు."

"విననీ! వాడికి నేనేమన్నా బాకీనా? పోయిన ఇప్పపూలకే తీర్చేశా. తీరింది పో అన్నాడు. మళ్ళీ ఇటు తొంగి చూస్తే ఒట్టు."

ఉడతకి అక్కడ బోధపడింది. పునుగుపిల్లిని పొగిడిన వాళ్ళు దాని మొహం చూస్తూ పొగిడారు. ఈ కౌజుపిట్ట ఎవరి మొహమూ చూడకుండా, గొంతెత్తి తిడుతోంది. వెనక్కి పోయి ఏదుపందికి సరేనంది.

ఆ సాయంత్రమే ఏదుపంది చెట్టు కిందికొచ్చింది. కాకికిచ్చింది, ఎలుకకిచ్చింది, చిలకకిచ్చింది. ముగ్గురి చేతా ముట్టిందనిపించింది. చిలక మొహం మాడ్చుకుని వేరే తొర్ర వెతుక్కోవడానికి పోయింది.

వానలు పడ్డాయి. ఈసారి తొర్ర మూతికి ఆకులు అడ్డం పెట్టుకుంది, పిల్లలు లోపలే వెచ్చగా ఉన్నాయి. రోజుకి మూడు గింజలంటే తేలికేం కాదు. ఉడత కడుపు మాడ్చుకున్న రోజులున్నాయి. ఒకసారి పిల్లకి జ్వరమొస్తే ముందే పోయి చెప్పింది. "రేపు ఆరు" అంది ఏదుపంది. పిల్లకెట్టా ఉందని అడగలేదు. ఇంకోసారి ఉడత చెప్పకుండా ఆకుల్లో దాక్కుంది. ఏదుపంది వచ్చి చెట్టు కింద కూర్చుంది, ముళ్ళు గలగలలాడించుకుంటూ. కాకి అందరినీ పిలిచి మరీ చూపించింది. ఉడత మళ్ళీ దాక్కోలేదు.

ఇప్పపూలు రాలాయి. ఉడత ఆఖరి మూడు గింజలు తీసుకుపోయి పెట్టింది.

"తీరింది. పో" అంది ఏదుపంది.

అంతే.

నాలుగు రోజులకి కుందేలొచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. పునుగుపిల్లి వాసన ఎక్కడా లేదని చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"వదినా, ఆ ఏదుపంది ఎట్టాంటోడు?"

ఉడత కొమ్మ చివరికంటా వచ్చింది. "వాడా! మొండి ముసలాడు! నా పిల్ల జ్వరంతో మూలుగుతుంటే మర్నాడు ఆరడిగాడు! నా పరువు తీశాడు! వాడంత కఠినుడు ఈ అడివిలో లేడు!"

ఏదుపంది ఆ చెట్టు కిందే ఏదో వేరు తవ్వుకుంటోంది. అంతా వింది. తల ఎత్తలేదు.

కుందేలు ఉడత వంక చూసింది. ఏదుపంది వంక చూసింది. తర్వాత ఏదుపంది ఎదురుగా పోయి కూర్చుంది.

నీతి: బాకీలన్నీ ఒకచోట చేర్చుకోవాలంటే, అక్కడ అప్పున్నోళ్ళ పొగడ్తలు వినొద్దు. అక్కడ అప్పు తీర్చేసి బైటపడ్డోళ్ళని వెతికి అడగండి.